లండన్ డ్రమ్ము

రాయికి కళ్లుండవంటారు గానీ, మలక్‌పేట దగ్గర పడిన ఆ రాయికి మాత్రం ఉన్నట్టే ఉంది. వ్యాను అద్దం పగలగొట్టుకుని లోపలికొచ్చి, గిటార్లను వదిలేసి, మైకులను వదిలేసి, నలుగురు జుట్టు పెంచిన కుర్రాళ్లను వదిలేసి, సూటిగా పోయి పెద్ద డ్రమ్ము పొట్టలో దిగింది. అరవై తొమ్మిది జూన్ మొదటి సోమవారం అది. ప్రత్యేక తెలంగాణ కావాలని ఊరంతా బందులో ఉంది. సుల్తాన్ బజారు మూసి ఉంది, ఆబిడ్స్ మూసి ఉంది. కుర్రాళ్ల స్పేరు తోళ్ల పెట్టెను రైల్లో వస్తుంటే వాడి అనే జంక్షన్ స్టేషన్లోనే ఎవరో దించుకుపోయారు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన సగం షట్టరు ఎత్తి ఉన్న ఒక్క కొట్టు ముందు వ్యాను ఆగింది.

ఆ కొట్టు పౌలుది. పెళ్లి బ్యాండ్లోళ్ల డ్రమ్ములకు తోళ్లు బిగించే పని.

వ్యానులోంచి మొదట దిగినవాడు మేనేజరు రామమోహనరావు. బెజవాడ మనిషి, టెరిలిన్ చొక్కా వెన్నుకు అంటుకుపోయి ఉంది. వెనకాలే కుర్రాళ్లు దిగారు. బొంబాయి నుంచి వచ్చిన రెడ్ కైట్స్ బృందమంటే మాటలా! ఇరానీ హోటళ్లలో వాళ్ల రికార్డు పెడితే కాలేజీ పిల్లలు చాయ్ చల్లారబెట్టుకుని వింటారు. అలాంటివాళ్లు ఇప్పుడు రోడ్డు మీద నిలబడి, కాలితో తొక్కి వాయించే వాళ్ల పెద్ద డ్రమ్మును, దాని పొట్టలోని చిరుగును, దిక్కులేనివాళ్లలా చూస్తున్నారు.

"ఏవోయ్, దీనికి తోలు వేస్తావా? రేపు పొద్దుటికి కావాలి," అన్నాడు మేనేజరు.

పౌలు డ్రమ్మును ఒడిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూశాడు. "తోలు మనుషుల మాట ఇనదు సార్. నానాలె, ఆరాలె. ఎల్లుండి సాయంత్రానికి ఇస్త."

"ఎల్లుండి సాయంత్రమే మా ప్రోగ్రాం, ఇక్కడి సినిమా హాల్లోనే!"

"మరింకేంది? గా టైముకే ఇస్త."

ఒప్పుకోక ఏం చేస్తాడు? గుడ్డిలో మెల్ల అనుకుని వ్యానెక్కి పోయాడు రామమోహనరావు.

పౌలు సున్నపు తొట్టిలోంచి పెద్ద మేకపోతు తోలు తీశాడు. బండ మీద పరిచి, మొద్దు కత్తితో మెడ నుంచి తోక దాకా వెంట్రుకలు గీకాడు. కడిగి, మళ్లీ గీకి, వేళ్ల మధ్య పట్టుకుని ఎక్కడ మందంగా ఉందో ఎక్కడ పలచగా ఉందో కళ్లు మూసుకుని చూసుకున్నాడు. అతని పెండ్లాం ఎస్తేరమ్మ చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రోట్లో వేసి నూరింది. అవి అంత సులువుగా నలిగే గింజలు కావు. రెండు గంటలు నూరితే గిన్నెడు పిండి వచ్చింది. దాన్ని ఉడికిస్తే జిగురయింది.

"గీ డ్రమ్ముకు చుట్టూ తెల్లటి బోల్టులున్నయేంది?" అని అడిగింది ఆమె.

"సోకు," అన్నాడు పౌలు.

తప్పంతా అక్కడే జరిగింది. బ్యాండోళ్ల డ్రమ్ములకు తాళ్లుంటాయి. అవి అతనికి తెలుసు. ఈ బోల్టులు తిప్పితే తోలు బిగుసుకుంటుందని అతనికెవరు చెప్పారు? చిరిగిన తోలుకున్న రేకు చుట్టు అతని పనికి రాలేదు. తండ్రి డప్పుకు ఎలా బిగించాడో అలాగే, డ్రమ్ము చెక్క అంచుకే జిగురు పూసి, తడి తోలును నాలుగువైపులా గుంజి అతికించేశాడు. చుట్టూ తాడు కట్టి, నీడలో ఆరబెట్టాడు. బుధవారం మధ్యాహ్నానికి ఏనుగు పెరికినా ఊడనంత గట్టిగా పట్టుకుంది. అలా ఆరిన తోలును చూసి, చాలా రోజుల తర్వాత తన చేతులు తనకే ముద్దొచ్చాయి.

"మన బస్తీల చెప్పొచ్చిన," అంది ఎస్తేరమ్మ కొంగు బిగించుకుంటూ. "చర్చి అమ్మలు ఐదుగురు టిక్కెట్టు కొన్నరు. బొంబాయోళ్ల డ్రమ్ము మా ఇంటాయన బిగించిండని చెప్పిన. ఏం, అబద్ధమా?"

"నిజమే గదనే," అన్నాడు పౌలు, నవ్వు దాచుకోలేక.

*

ఆ మధ్యాహ్నమే తొలకరి పడింది. సాయంత్రం సినిమా హాల్లో తెర ముందు డ్రమ్ములు పెట్టుకుని కూర్చున్నాడు నెల్సన్, వాళ్ల డ్రమ్ములు వాయించే కుర్రాడు. కాలితో తొక్కాడు. తడి గోనెసంచిని కట్టెతో కొట్టినట్టు చప్పుడొచ్చింది. జేబులోంచి చిన్న తాళంచెవి తీసి బోల్టులు తిప్పాడు. ఒకటి తిప్పాడు, రెండు తిప్పాడు, ఎనిమిదీ తిప్పాడు. తోలు కదిలితే ఒట్టు. బోల్టులు వాటంతటవి తిరుగుతున్నాయి, తోలు దాని చోటున అది ఉంది.

డ్రమ్ము తెచ్చి పక్కనే నిలబడ్డ పౌలుకు అప్పుడర్థమైంది, ఆ బోల్టులు సోకుకు కావని.

"ఏం చేశావయ్యా మహానుభావా!" రామమోహనరావు నెత్తి పట్టుకున్నాడు. "అతికించేశావా? హాలు నిండిపోయిందిరా దేవుడా! ఇప్పుడీ డ్రమ్మును నేనేం చేసుకోను, సున్నం నానబెట్టుకోనా?"

"తప్పయింది సార్. బోల్టుల సంగతి నాకు తెల్వదు," అన్నాడు పౌలు. దాచలేదు, నసగలేదు. "గానీ తోలు మంచిది, బిగింపు మంచిది. దీన్ని కాపాలె. మంట సూపిస్తె అదే పలుకుతది."

"మంటా? హాల్లో మంటా?"

"కుంపటి సాలు."

హాలు క్యాంటీను కుంపటి తెప్పించారు. పౌలు మంటకు జానెడు దూరంలో డ్రమ్మును పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ, బొటనవేలితో మీటుతూ, చెవి ఆనించి వింటూ ఉన్నాడు. మొదట డొప్ అంది. కాసేపటికి డబ్ అంది. ఇంకాసేపటికి ధమ్మని మోగింది. ఆ మోత నెల్సన్ కడుపులో తగిలినట్టుంది, చెయ్యి అక్కడే పెట్టుకుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"మా అయ్య జనం ముంగట్నే కాపుతుండె సార్," అన్నాడు పౌలు. "మంట ఏసి, అందరు సూస్తుంటె కాపి, అప్పుడు దెబ్బ కొడుతుండె. స్టేజీ పక్కన కుంపటి పెట్టుకుంట."

"నీకు పుణ్యముంటుంది, ఆ పని మాత్రం చెయ్యకు! వెనక సందులో కూర్చో. ఎవరైనా అడిగితే క్యాంటీనువాణ్ణని చెప్పు."

సందులో మురికి కాలువ పక్కన కుంపటి పెట్టుకుని కూర్చున్నాడు పౌలు. తలుపు సందులోంచి మైకులో మేనేజరు గొంతు వినిపించింది. "సోదరసోదరీమణులారా! మీరిప్పుడు వినబోయేది సాక్షాత్తూ లండన్ నుంచి తెప్పించిన డ్రమ్ములండీ! అక్కడి తోలు, అక్కడి బిగింపు!"

హాలంతా ఈలలు. పౌలు చేతిలోని విసనకర్ర ఆగిపోయింది.

మూడు పాటలకే గాలి తేమకు తోలు సడలింది. ఇద్దరు మనుషులు డ్రమ్మును సందులోకి పరిగెత్తించుకొచ్చారు. ఇతను కాపుతుంటే లోపల రామమోహనరావు చెబుతున్నాడు: "వాయించి వాయించి వేడెక్కిపోయిందండీ! లండన్ సరుకు గదా, సున్నితం. చల్లార్చి తెస్తున్నాం." జనం దానికీ చప్పట్లు కొట్టారు. నిప్పుల మీద పెట్టినదాన్ని చల్లారుస్తున్నామంటే చప్పట్లు కొట్టారు, ఏం చెప్పమంటారు!

ప్రోగ్రాం అయ్యాక ఎస్తేరమ్మ సందులోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"లండనంట!" అంది. "నా రెక్కలిరిగేటట్టు నూరిన గింజలు లండనియా? పక్క కుర్చీల రాములమ్మక్క ఏమన్నదో ఎరికేనా? 'పోనీలే ఎస్తేరు, ముచ్చటపడి చెప్పినవ్' అన్నది. నన్ను అబద్ధాలదాన్ని జేసిండ్రు. ఐదుగురిల ఒక్కరు నా మొకం సూడలె."

పౌలు కుంపట్లో నీళ్లు పోశాడు. "రేపు ఎల్‌బీ నగర్ల ప్రోగ్రాం ఉన్నది. చెప్పిపిస్త," అన్నాడు.

"చెప్పరు."

"చెప్పిపిస్త నంటున్న గద."

*

గురువారం వ్యానులో పోతూ పౌలు మేనేజరును అడిగాడు. అడగడానికి ముందు గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు.

"ఒక్కటే మాట సార్. మైకుల నా పేరు చెప్పుండ్రి. పైసలు ఎక్కువ ఇయ్యకుండ్రి, ఏం ఒద్దు. గీ తోలు దిల్‌సుఖ్‌నగర్ పౌలు బిగించిండని ఒక్క ముక్క."

రామమోహనరావు చెడ్డవాడు కాడు. వారం రోజులుగా బందులు, రాళ్లు, రద్దయిన ప్రోగ్రాములు, గొంతు బొంగురుపోయిన పాటగాడు, అన్నం తిననని అలిగే గిటారువాడు, ఇవన్నీ అతని నెత్తి మీదే ఉన్నాయి. "చూడు పౌలూ, జనం టిక్కెట్టు కొనేది లండన్‌ని చూసి. దిల్‌సుఖ్‌నగర్‌ని చూసి ఎవరు కొంటారు చెప్పు? సరేలే, చివర్లో చెప్తాను. దానికేం భాగ్యం!"

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక ఖాళీ మైదానంలో షామియానా వేశారు. రెండో పాటకు కరెంటు పోయింది. వచ్చిందనుకుంటే గాలిదుమారం లేచి షామియానా ఒక మూల కూలింది. కుర్చీల కోసం కొట్లాట. పాటగాడి గొంతు పూర్తిగా పడిపోతే గిటారువాడు పాడాడు. ఇంత గత్తరలోనూ డ్రమ్ము మాత్రం తప్పలేదు. గుడారం వెనక, ముళ్లకంప చాటున, పౌలు గాలికి అడ్డం కూర్చుని ఒంటితో నిప్పులు కాపాడాడు. ముంజేతి మీద వెంట్రుకలు కాలిపోయాయి.

చివర్లో మేనేజరు మైకు పట్టుకున్నాడు. పౌలు లేచి నిలబడ్డాడు. తువ్వాలుతో ముఖం కూడా తుడుచుకున్నాడు.

కరెంటు సరిచేసినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పాడు. షామియానా వేసినవాళ్లకు, కుర్చీలిచ్చినవాళ్లకు, ఉప్మా పంపిన పెద్దమనిషికి, సైకిళ్లు కాసిన మనిషికి పేరుపేరునా చెప్పాడు. ఆఖరికి మైకు గుయ్‌మని మూగబోయింది.

సైకిళ్లు కాసినవాడికి పేరుంది, పౌలుకు లేదు. అతనికి ఒళ్లంతా మండింది. ఆ మంటలో ఏడుపు కూడా కొంచెం ఉంది.

సామాను సర్దుతుంటే తిన్నగా పోయి మేనేజరు ముందు నిలబడ్డాడు. "శనివారం సూర్యాపేటకు ఒస్త సార్. తోలు నాది, మాట నాది, మధ్యల ఇడిసిపెట్టను. గానీ ఇగ తెర ఎనుక కాపను. జనం ముంగట్నే కాపుత. ఒద్దంటె ఇప్పుడే చెప్పుండ్రి, ఇంటికి పోత."

"అబ్బబ్బ, నీతో పెద్ద తలనొప్పయిందోయ్! పేరు మర్చిపోయాను, ఒట్టు. సూర్యాపేట చేరాక మాట్లాడుకుందాం."

"మాట్లాడేది ఏం లేదు సార్. చెప్పిన గద."

రామమోహనరావు అతని ముఖంలోకి చూసి, నవ్వబోయి, మానుకున్నాడు.

*

శనివారం పొద్దున అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రోడ్డు మూసేశారు. అడ్డంగా రెండెడ్ల బండ్లు, తుమ్మకంప, బండరాళ్లు. నల్లజెండాలు పట్టుకుని, జై తెలంగాణ అని అరుస్తూ వందమంది దాకా కూర్చున్నారు. వెనక్కి తిప్పుదామంటే అప్పటికే నాలుగు లారీలు వచ్చి ఆగాయి.

కళ్లద్దాలు పెట్టుకున్న కాలేజీ కుర్రాడొకడు వ్యాను చుట్టూ తిరిగి నంబరు చూశాడు. పేరు దశరథ అని పక్కవాళ్లు పిలుస్తుంటే తెలిసింది. "బెజవాడ బండి," అన్నాడు. "ఇంజను ఆపుండ్రి. అందరు దిగుండ్రి."

దిగారు. బొంబాయి కుర్రాళ్లకు భాష తెలియకపోయినా చూపులు తెలిశాయి. ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. రామమోహనరావు పెదవులు తడుపుకుంటూ పౌలు భుజం పట్టుకుని ముందుకు తోశాడు.

"బాబూ, ఈయన మీవాడేనండీ! దిల్‌సుఖ్‌నగర్ పౌలుగారు! మా డ్రమ్ముకు తోలు బిగించింది ఈయనేనండీ! చెప్పవయ్యా పౌలూ, చెప్పు!"

మొన్న అంతగా అడిగినా మైకులో రాని మాట. ఇప్పుడు పక్కన 'గారు' కూడా తగిలించుకుని వచ్చింది. ప్రాణం మీదికొస్తే గానీ పౌలు గుర్తురాలేదన్నమాట. వినాలని అంతగా ఆశపడిన మాటే, విన్నాక రుచించలేదు.

"అబద్ధం," అన్నాడు దశరథ. వ్యాను పక్కన పెద్ద అక్షరాలతో కట్టిన గుడ్డను చదివాడు. "'లండన్ డ్రమ్స్' అని మీరే రాసుకున్నరు గద! భయమైతె మనోడు, లేకుంటె లండనోడా? తియ్యుండ్రి ఆ డ్రమ్ము. మొదలు దాన్నే తగలవెడదాం."

ఇద్దరు వ్యాను ఎక్కి డ్రమ్మును కిందికి దించారు. నెల్సన్ ఒక అడుగు ముందుకు వేశాడు, ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపారు. పౌలు పరుగున పోయి రెండు చేతులూ డ్రమ్ము మీద పెట్టాడు.

"ఆగుండ్రి. మంటే గద కావాలె? మంట నేనే ఏస్త. జర ఎండుగడ్డి ఇయ్యుండ్రి."

అతని గొంతులో బతిమాలడం లేదు. అందుకేనేమో, బండి దగ్గరున్న మనిషి మారుమాట లేకుండా చంకెడు గడ్డి తెచ్చి పడేశాడు. పౌలు నడిరోడ్డు మీద గొంతుక్కూర్చుని, గడ్డి పేర్చి, అగ్గిపుల్ల గీశాడు. పొద్దున పది గంటల ఎండలో మంట సరిగా కనబడలేదు, వేడి మాత్రం తెలిసింది. డ్రమ్మును నిలబెట్టి జానెడు దూరంలో పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. అరచేత్తో తోలును తడిమాడు. బొటనవేలితో మీటాడు. చెవి ఆనించాడు. మళ్లీ తిప్పాడు. కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి చుట్టూ మూగారు. నినాదాలు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు.

జనంలోంచి తలపాగా చుట్టుకున్న ముసలాయన ముందుకొచ్చాడు. సీతారాములు తాతా, జాగ్రత్త అని ఎవరో అంటున్నా వినకుండా మోకాళ్ల మీద కూర్చుని, డ్రమ్ము అంచును గోటితో గీకాడు. వేలు వాసన చూశాడు.

"చింతగింజల జిగురు," అన్నాడు. దశరథ వైపు తిరిగాడు. "ఏం బిడ్డా, సదువుకున్నోనివి. లండన్ల చింతచెట్లున్నయా?"

జనం గొల్లున నవ్వారు. దశరథ కూడా నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ముసలాయన నవ్వలేదు. "ఎవల బిగింపు ఇది?" అని అడిగాడు.

రామమోహనరావు నోరు తెరిచాడు. పౌలు అతని వైపు చెయ్యి ఎత్తి ఆపి, లేచి నిలబడ్డాడు. అక్కడ మైకు లేదు, కరెంటు లేదు. గిటార్లు పెట్టెల్లో మూగగా పడున్నాయి.

"నాది!" అన్నాడు. వెనకనున్న లారీల దాకా వినబడింది. "చిట్యాల జానయ్య కొడుకును. పౌలును. దిల్‌సుఖ్‌నగర్ల ఉంట. గీ తోలు నేను గీకిన, జిగురు నా పెండ్లాం ఎస్తేరమ్మ నూరింది, బిగించింది నేను. బోల్టుల సంగతి తెల్వక తప్పు జేసిన, అది గూడ నాదే!"

చెప్పి, డ్రమ్మును ఒరగబెట్టి, అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. ధమ్మంది. రోడ్డు పక్క చింతల తోపులో పిట్టలు లేచాయి. ఇంకొకటి కొట్టాడు. తర్వాత తండ్రి కొట్టిన వరసలోకి చేతులు వాటంతటవే పోయాయి. నెల్సన్ తన ఛాతీ మీది చెయ్యిని తప్పించుకుని వచ్చి, చిన్న డ్రమ్ము దించుకుని, పక్కన రోడ్డు మీదే చతికిలబడి పుల్లలు అందుకున్నాడు. కాసేపు తడబడ్డాడు. పౌలు చేతుల వైపే చూస్తూ చూస్తూ ఆ వరస పట్టుకున్నాడు. మిగిలిన ముగ్గురూ చప్పట్లు కొట్టారు. పాపం, ఇంకేం చేయగలరు, వాళ్ల వాద్యాలకు కరెంటు కావాలి.

ఆపేసరికి పౌలు చొక్కా తడిసి ముద్దయింది.

"మంచి బిగింపు," అన్నాడు ముసలాయన. అంతే అన్నాడు.

దశరథ బొగ్గు ముక్క తీసుకుని వ్యాను పక్కన గుడ్డ మీద 'లండన్' అన్న మాటను నల్లగా కొట్టేశాడు. "ఏం రాయమంటవ్ అన్నా? పౌలు అని రాయనా?"

"నాకు సదువు రాదు తమ్మీ. రాసినా గది నా పేరో కాదో నాకు తెల్వదు. చెప్పిన గద, అందరిన్నరు. సాలు."

తుమ్మకంప పక్కకు లాగారు. వ్యాను పోవడానికి దారి వచ్చింది. రామమోహనరావు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఎక్కవయ్యా పౌలూ. సూర్యాపేటలో నోరు తెరిస్తే మొదటి మాట నీ పేరే. మా అమ్మ మీద ఒట్టు."

"చెప్పుండ్రి, చెప్పకపోండ్రి సార్. ఇగ మీ ఇష్టం. నేను ఇంటికి పోత."

"మరి డ్రమ్ము?"

పౌలు నెల్సన్‌ను దగ్గరికి పిలిచాడు. మంటకు ఎంత దూరంలో పట్టాలో జాన చాపి చూపించాడు. అతని బొటనవేలు పట్టుకుని తోలు మీద పెట్టించి మీటించాడు. కాగినప్పుడు ఒకసారి, నీడకు పెట్టి చల్లారాక ఒకసారి, తేడా చెవికి పట్టేదాకా మూడుసార్లు చేయించాడు. తనకొచ్చిన ఉర్దూలో ఒకటే మాట గట్టిగా చెప్పాడు: వెనక కాదు, జనం ముందు. నెల్సన్ తలూపి, స్టేజీ మీద నిప్పు పెట్టుకున్నట్టు చేతులతో చేసి చూపించాడు. "అందరి ముందు," అని ఉర్దూలోనే తిరిగి అన్నాడు. డ్రమ్మును వ్యానులోకి తనే మోసుకుపోయాడు, మేనేజరు పట్టబోతే ఇవ్వలేదు.

పౌలు అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి వెనక్కి నడిచాడు. సగం దూరం నడక, సగం దూరం ఎడ్లబండి. దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఎస్తేరమ్మ కొట్టు ముందు రోలు కడుగుతోంది. పక్కన చాటలో కొత్తగా వేయించిన చింతగింజలున్నాయి. మనిషిని చూసి లేచింది, ఒక్కడే రావడం చూసి ఆగింది.

"అప్పుడే ఒచ్చినవేంది? పనిల నుంచి తీసేసిండ్రా?"

"లేదు. పని అయిపోయింది."

ఆమె అతని కాలిన ముంజేతిని చూసింది, మసిపట్టిన చొక్కాను చూసింది. అడగాలా వద్దా అని కొంచెంసేపు రోలు తుడిచింది. చివరికి అడిగింది.

"నీ పేరు చెప్పిండ్రా మరి?"

"వాళ్లెందుకు చెప్తరే? నేనే చెప్పిన. నడి తొవ్వల నిలబడి చెప్పిన. నీ పేరు గూడ చెప్పిన."

ఎస్తేరమ్మ ముఖం ఒక్కసారి మారిపోయింది. "నా పేరా? ఎంతమంది ఇన్నరు?"

"వందమంది దాక."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని చెప్పులేసుకుంది. రాములమ్మక్క ఇల్లు వీధి చివర ఉంది. చీకటి పడకముందే పోయి చెప్పి రావాలి.